నడుస్తున్నది అయ్యాక

మొదట్లో నూరుల్లా చేతిలో ఉన్నవి మూతబడిన ఛానల్ నుంచి పాతసామాన్ల ధరకు తెచ్చుకున్న ఒక వీడియో సర్వర్, ప్రొద్దుటూరులో రెండు గదుల కేబుల్ ఛానల్, మాటిస్తే తప్పడన్న పేరు. ప్రకటనను మధ్యలో తెగనివ్వడని నమ్మే బట్టల దుకాణాలు అతని దగ్గరికి వచ్చేవి.

ఆ సర్వర్ వెనక బయటి స్విచ్చుల తీగలు బిగించే వరుస ఉంది. ఎక్కడో మీట నొక్కితే ఇక్కడ వీడియో దానంతటదే మొదలవుతుంది. ఆ ధైర్యంతోనే, పెన్న డ్యాం గేట్లు ఎత్తేముందు టీవీలో హెచ్చరిక వేసే పని ఒప్పుకున్నాడు. వరద సమాచారం చూసే ఆఫీసులో గుమాస్తా బల్ల మీద ఒక మీట, పక్కనే ఎర్రబల్బు పెట్టించాడు.

సర్వర్‌కు ఒక సంగతి చెప్పాలి: మీట నొక్కితే నడుస్తున్నది ఆపి వేయాలా, అయ్యాక వేయాలా? ప్రకటనల మీటలన్నిటికీ పెట్టినట్టే దీనికీ 'అయ్యాక' అని పెట్టాడు. బల్బును మాత్రం మీట నొక్కిన సంగతి సర్వర్‌కు అందగానే వెలిగేలా కట్టాడు. పరీక్షించిన రోజు ఏ ప్రకటనా నడవలేదు కాబట్టి రెండూ ఒకేసారి పనిచేశాయి.

అక్టోబరు వానల్లో ఒక మధ్యాహ్నం గుమాస్తా మీట నొక్కాడు. బల్బు వెలిగింది. హెచ్చరిక పడిందనుకుని వేరే పనిలో పడ్డాడు. టీవీలో అప్పుడే చీరల దుకాణం ప్రకటన మొదలైంది. అది తొమ్మిది నిమిషాలది.

హెచ్చరిక పడేసరికి గేట్లు ఎత్తేశారు, జమ్మలమడుగు దిగువన ఏటి ఇసుకలో గొర్రెలు మేపుతున్న సంజీవయ్య చుట్టూ నీళ్లు తిరిగాయి. మూడోనాడు తుమ్మకంపలో దొరికాడు.

ఏ నిమిషంలో ఏం జరిగిందో సర్వర్ రాసిపెట్టింది. నూరుల్లా అది చదివి, 'అయ్యాక' తీసేసి 'ఆపి' పెట్టాడు. అర నిమిషం పని. ఎవరూ అడగలేదు. అడగనివాళ్లకు చెప్పి ఛానల్ మూసుకుంటావా అని భార్య ఆయేషా నిలదీసింది. అయినా వెళ్లాడు.

సంజీవయ్య భార్య చిన్నసుబ్బమ్మ వసారాలో కూర్చుని ఉంది.

"టీవీ ముందరే ఉంటి అప్పా," అంది. "యా చీర బాగుందా అని చూస్తాంటి. ఒక్క మాట పడింటే ఆయప్పకు ఫోన్ కొట్టనా?"

"పడాల్సిందే అక్కా. చీరల ప్రకటన తెగగూడదని నేనే దాన్ని వెనక నిలబెట్టినా."

ఆమె అతని చెప్పుల వైపు చూసింది.

"ఎంతసేపు?"

"తొమ్మిది నిమిషాలు."

"గొర్రెల్ని ఇడిసి గట్టెక్కడానికి మూడు సాలు." కొంగు సర్దుకుని లేచింది. "చెప్పి నీ గుండె తేలిక చేసుకుంటివి. నాకేం తెచ్చిస్తివి? పో, బస్సెక్కు."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నూరుల్లా లెక్క వేసుకున్నాడు. ఈ మొత్తంలో తనకు మిగిలింది ఆమె అన్న ఆ తేలిక ఒక్కటే. అది కూడా ప్రొద్దుటూరు చేరేదాకా నిలవలేదు.