నా పేరు మీది పిస్టల్

"నీకేం తెలుసే, జర సప్పుడు జేయకుండ కూసో" అని మా ఇంటాయన భూమేశ్వర్ అన్నప్పుడు నేను కల్లంలో కూర్చుని తల్లి దుంపల నుంచి పసుపు కొమ్ములు విరుస్తున్నాను. నేను అన్నదల్లా ఒక్కటే. పిస్టల్ ఎందుకయ్యా, పసుపు పైసలు నిజామాబాద్‌లోనే బ్యాంకులో వేసి చేతులూపుకుంటూ ఇంటికి రావచ్చు కదా అని. ఆ మాట ఆయనకు నచ్చలేదు. పోయినేడు మెండోర ఊరి పోచన్న మార్కెట్ యార్డులో పసుపు అమ్ముకుని వస్తుంటే దారిలో బండి ఆపి సంచి గుంజుకుపోయారు. అది నిజమే. కానీ మా ఆయనకు దొంగల భయం అణా అయితే, దాయాది వరస పాలివాడు గంగాదాస్ మీద కుళ్లు పదిహేనణాలు. గంగాదాస్‌కు రివాల్వర్ ఉంది. పెళ్లిళ్లలో బంతిలో కూర్చునే ముందు చొక్కా ఒక పక్క కొంచెం ఎత్తి కూర్చుంటాడు. ఎదురు విస్తరి ముందు కూర్చున్న మా ఆయనకు ఆ పూట పప్పు సయించదు. అందుకే గంగాదాస్‌ది రివాల్వర్ అయితే తనది ఆటోమేటిక్ పిస్టల్ కావాలన్నాడు. మక్కజొన్నలు అమ్మిన పైసలు తీసి పక్కన పెట్టాడు.

ఆ పైసలు కూడా నా చేను పైసలే. దొంకేశ్వర్ దగ్గర రెండెకరాలు మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఆ చేనులో విత్తనం పెట్టేది నేను, కలుపు తీసేది నేను, తవ్వించి, ఉడికించి, ఎండబోసి, చినుకు పడితే పరుగెత్తి పట్టా కప్పేది నేను. బస్తాల మూతులు కుట్టడం అయ్యాక మాత్రం మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి బండెక్కుతాడు. సాయంత్రం ఇంటికొచ్చాక "ఎంత పలికింది?" అంటే "మంచిగనే పలికింది" అంటాడు. మంచిగనే అనేది ఒక ధర అని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. యార్డు ఎట్లా ఉంటుందో నేను ఇంతవరకు చూడలేదు. నా కుప్ప పక్కన నిలబడి, కొనేవాడు నా కొమ్మును పుటుక్కున విరిచి రంగు చూసి చెప్పే ధరను నా చెవులతో వినాలని నాకు ఎంత కోరికో ఎవరికీ చెప్పుకోలేను. ఆయనకు మాత్రం ప్రతి ఏడూ చెప్పుకున్నాను.

"ఆడోళ్లకు యార్డుల ఏం పని? కూసుండ జాగ గూడ ఉండదు."

కల్లంలో మాత్రం నాకు సోఫా వేసినట్టు. ఈ మాట లోపలే అనుకున్నాను. మా అత్త భీమవ్వ దగ్గర గొణిగితే ఆమె ఆకు నములుతూ, "నేను నలభయ్యేండ్లు పసుపు పండిచ్చిన. ఒక్కనాడన్న పోయిన్నా? పోకుంటే నాకేం దక్కువైంది?" అంది. ఏం తక్కువైందో తెలియాలంటే ఒకసారి పోయి చూడాలి కదా అత్తమ్మా అనిపించింది. కానీ పాపం, ఆమెను ఎవరు పోనిచ్చారు?

సరే, పిస్టల్ దగ్గరికి వద్దాం. లైసెన్సుకు దరఖాస్తు పెడదామని పోతే ఆఫీసులో గుమస్తా కాగితాలు తిరగేసి నవ్వాడట. రెండేళ్ల కింద పొలం గెట్టు పంచాయితీలో మా ఆయన గంగాదాస్‌ను చెర్నాకోలతో కొట్టాడు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. "కేసున్నోనికి గన్ను లైసెన్స్ ఎవలిస్తరు పటేలా? ఇంటామె పేరు మీద పెట్టు" అన్నాడట గుమస్తా. మా ఆయన సంతోషంగా వచ్చి కాగితం నా ముందు పెట్టాడు. నాకేం కొత్త కాదు. సొసైటీ లోను నా పేరు మీద ఉంది, కరెంటు మోటరు నా పేరు మీద ఉంది. మోటరు కాలిపోతే తిట్లు కూడా నా పేరు మీదే పడతాయి. నా పేరు నాకంటే ఎక్కువ ఊర్లు తిరిగింది. పసుపు చేతులు తుడుచుకుని సంతకం పెట్టాను.

విచారణకు ఎస్సై వచ్చాడు. కుర్ర ఆఫీసరు, మర్యాదస్తుడు.

"మీకు పిస్టల్ ఎందుకమ్మా?" అని అడిగాడు.

"పసుపు పైసలు తెచ్చుకునేటప్పుడు దొంగల భయం ఉంటది సార్" అని మా ఆయన అందుకున్నాడు.

"ఆమెను చెప్పనియ్యిండ్రి. పైసలు తెచ్చేది ఎవరమ్మా?"

"మా ఇంటాయన సార్."

"మరి గన్ను మీ పేరు మీద ఉంటే ఆయన పట్టుకపోవద్దు కదా. లైసెన్స్ ఉన్న మనిషే పట్టుకోవాలె. పోతే మీరు పోవాలె."

పద్దెనిమిదేళ్లు బతిమాలితే తెరుచుకోని తలుపును సర్కారు ఒక్క మాటతో తీసింది. "పోత సార్" అన్నాను. మా ఆయన ఎస్సై వెనక నిలబడి, అదంతా ఉత్తదే అన్నట్టు నాకు కన్ను కొట్టాడు. ఆయన లెక్క నాకు తెలుసు. పేరు నాది, నడుము ఆయనది. కాగితం బీరువాలో, పిస్టల్ పెళ్లి బంతిలో, నేను కల్లంలో.

ఎండాకాలం మొదట్లో లైసెన్సు చేతికొచ్చింది. హైదరాబాద్ పోయాం. కొనాలంటే నేను కూడా పోవాల్సిందే కాబట్టి తీసుకుపోయాడు. దుకాణం ముందు తుపాకి పట్టుకున్న కాపలావాడు, లోపల అద్దాల బల్ల వెనక తెల్ల గడ్డం సాహెబ్. మా బడ్జెట్ వినగానే ఆయన రెండే రెండు పిస్టళ్లు తీసి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి మన సర్కారు ఫ్యాక్టరీది. నల్లగా, మొరటుగా ఉంది, మా మక్కల పైసల్లో వస్తుంది. రెండోది పాతది, విలాయతిది, ఒకరు వాడి అమ్మింది. నున్నగా మెరుస్తోంది, ధర దాదాపు రెండింతలు. మా ఆయన కళ్లు విలాయతి దాని మీదనే ఆగిపోయాయి.

"పైన గీ భాగం ఎన్కకు గుంజి ఇడవాలె. అప్పుడే గోలి లోపలికి పోతది. గుంజనీకి రాకుంటే పిస్టల్ ఉన్నా లేనట్టే" అని సాహెబ్ ఖాళీ పిస్టల్ పట్టుకుని చూపించాడు.

విలాయతి దాన్ని మా ఆయన గుంజాడు. వెన్నలా వచ్చింది. మీసం కదిలింది. సర్కారు దాన్ని పట్టుకున్నాడు. రాలేదు. మళ్లీ పట్టాడు, పళ్లు బిగించాడు, మెడ నరాలు లేచాయి. పిస్టల్ మాత్రం పెళ్లికి ఒప్పుకోని పిల్లలా బిగుసుకునే ఉంది. "జంగు పట్టినట్టుంది" అని తుప్పు మీదికి నెట్టాడు.

"కొత్త మాల్ పటేల్ సాబ్. స్ప్రింగ్ గట్టిగ ఉంటది. అమ్మను చూడనియ్యిండ్రి. లైసెన్స్ ఆమెదే కదా."

నేను తీసుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. ఎట్లా పట్టాలో ఎవరూ చెప్పలేదు కానీ చేతులకు తెలిసింది. తల్లి దుంపను ఎడమ చేత బిగించి కుడి మణికట్టు తిప్పితే కొమ్ము ఊడుతుంది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, ఏడాదికి రెండు నెలలు, పద్దెనిమిదేళ్లుగా నేను చేసే పని అదే. నా చేతులు మొగోని చేతుల్లా ఉన్నాయని పెళ్లైన కొత్తలో ఈయనే ఎక్కిరించాడు. అప్పుడు ఏడ్చాను కూడా. ఇప్పుడు ఆ చేతులతో గుంజాను. టక్కున వెనక్కి పోయి టక్కున ముందుకొచ్చింది. నాకు నవ్వొచ్చింది. ఇంకోసారి గుంజాను, ఊరికే, సరదాకు.

"మాషా అల్లా" అన్నాడు సాహెబ్.

మా ఆయన ఆ వైపు చూడకుండా విలాయతి దాని బేరంలో దిగాడు. తక్కువ పడితే నా గాజులు కుదువ పెడదామని నా చెవిలో చెప్పాడు కూడా. అడగలేదు, చెప్పాడు. ఇక అక్కడ ఆయన చేసింది మా అంగళ్లలో తిరిగిన మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. ఎడ్ల అంగట్లో బేరమంటే నోటితో చేయరు. టవల్ కప్పి, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. మా ఆయన చేతిలో పిస్టల్ అట్లానే ఉంది. అలవాటు కొద్దీ భుజం మీది టవల్ తీసి ఆ చేతి మీద కప్పి, సాహెబ్ కడుపు వైపు చాపాడు. కన్ను కూడా కొట్టాడు.

సాహెబ్ రెండు చేతులూ పైకి లేపాడు. కాపలావాడు లోపలికి దూకి తన తుపాకి మా ఆయన వీపుకు ఆనించాడు. ఆర్మూర్ డివిజన్‌లో ఎవరికీ తగ్గని మా ఆయన, "బేరం, బేరం జేస్తున్న సాబ్, వేళ్లు పట్టుకో" అని అరిచాడు. నేనే మధ్యలో దూరి టవల్ తీసి, పిస్టల్ బల్ల మీద పెట్టి, మా అంగడి పద్ధతి వివరించాను. అందరం నీళ్లు తాగాక సాహెబ్ నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆగలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇగ పటేల్ సాబ్ జర కుర్సీల కూసుంటరు. అమ్మా, ఏది ఇయ్యమంటరు?" అని నన్ను అడిగాడు.

నా జీవితంలో ఏది కావాలని నన్ను అడిగింది గాజుల దుకాణంవాడొక్కడే. "విలాయతిదే అను" అని కుర్చీలోంచి సైగ వచ్చింది. నున్నగా ఉండేది ఆయన చేతికి లొంగుతుంది. లొంగితే ఆయన నడుముకెక్కుతుంది. ఆ తర్వాత ఎస్సై మాట గాలికి పోతుంది, నేను మళ్లీ కల్లంలో కూర్చుంటాను. మొరటుది మా పైసల్లో వస్తుంది, గాజులు చేతికే ఉంటాయి, పైగా మా ఇంట్లో అది నా మాట తప్ప వినదు. ఇంత చవకలో ఇంత మంచి సరుకు నాకు ఎప్పుడూ దొరకలేదు.

"ఇదే" అన్నాను.

ఇంటికి తెస్తే మా ఊరు పెర్కిట్ సగం చూడటానికి వచ్చింది. మా అత్త దానికి బొట్టు పెట్టి, "గింత పిల్లదానికి గంత ధరనా?" అంది. మా ఆయన వారం రోజులు తలుపేసుకుని దానితో కుస్తీ పట్టాడు. చివరకు బొటనవేలు చెక్కుకుపోయి కట్టు కట్టించుకున్నాడు. గంగాదాస్ ముందు గుంజలేక అవమానపడటం కంటే తీసుకుపోకపోవడమే మేలని ఆయనకే అర్థమైంది. పసుపు అమ్మే రోజు వచ్చింది. "నువ్వు గూడ రావాలె మరి. పిస్టల్ నీ పేరు మీదుండె" అన్నాడు, అదేదో నా తప్పైనట్టు. కొత్త చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, జీపులో ముందు కూర్చున్నాను.

యార్డులో కూర్చోవడానికి నిజంగానే జాగా లేదు. నా పసుపు కుప్ప మీదే కూర్చున్నాను. కొనేవాడు వచ్చి కొమ్ము విరిచాడు, ఇనుము మోగినట్టు ఖంగుమంది. "ఎవరిదీ మాల్?" అన్నాడు. "నాది" అన్నాను. ఆయన చెప్పిన ధర విన్నాను. మంచిగనే ఉంది అనుకోలేదు. నాలుగు కుప్పల అవతల ఎంత పలికిందో వినే ఉన్నాను కాబట్టి, "ఇంకో యాభై పెంచు సేటు, ఇది మా అమ్మ ఇచ్చిన చేను పసుపు" అన్నాను. ముప్పై పెంచాడు. పైసలు నా చేతికిచ్చాడు. మా ఆయన పక్కనే నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. నాకు మాత్రం అక్కడే గెంతాలనిపించింది.

తిరుగు దారిలో జక్రాన్‌పల్లి దాటాక రోడ్డు మీద జనం పలచబడ్డారు. మా ఆయన అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు.

"జర పిస్టల్ చేతికందేతట్టు పెట్టుకో."

"నేను తేలే. బీరువల పెట్టి తాళమేసి వచ్చిన. పైసలు గూడ యార్డుకాడి బ్యాంకుల నా ఖాతల ఏసిన, నువ్వు చాయ్ తాగపోయినప్పుడు."

ఆయన నా ఒళ్లోని ఖాళీ సంచి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"పిస్టల్ తేకుంటే మరి నువ్వెందుకొచ్చినవే?"

"నా పసుపు అమ్ముకుందామని వచ్చిన" అన్నాను.