గళ్ళలో మెలికల ముగ్గు

మెలిక తిరిగే చోట అంతయ్య చెయ్యి ఆగింది. గీతకేముంది, ఎటంటే అటు వంగుతుంది. గళ్ళ కాగితానికి ఆ సుఖం లేదు. నింపిన గడి, ఖాళీ గడి, అంతే. మూడు గళ్ళు అడ్డంగా పోయి ఒకటి పైకెక్కాలి, మళ్ళీ రెండు పోయి ఒకటి. అలా మెట్లుమెట్లుగా ఎక్కితేనే వంపు. ఒక్కో గడీ మగ్గం మీద ఒక్కో పోగు. ఇక్కడ తప్పితే చీర అంచు పొడుగునా అదే తప్పు పడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో అద్దె ఇల్లు. చుట్టూ ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. నిన్న లేని గోడ ఇవాళ ఎండకు అడ్డం వస్తుంది. కిటికీ కింద బల్ల మీదికి వంగీ వంగీ అంతయ్య మెడ ఒకవైపు ఒరిగి అలాగే ఉండిపోయింది. ఎర్రసిరా చూపుడువేలి గోరులోకి ఇంకిపోయింది. ఎవరో గీసిచ్చిన హంసలనూ మామిడిపిందెలనూ నేతగాళ్ళ కోసం గళ్ళలోకి దించడమే అతని పని. ఏ చీర మీదా అతని పేరుండదు. దానికి దిగులూ లేదు. మధ్యాహ్నం పప్పుచారు ఉంటే అతని లెక్కలో లోకం బాగున్నట్టే.

ఒక్కటే వెలితి. ఇన్ని చీరలకు గళ్ళు నింపాడు, ఒక్కటీ భార్య అండాలమ్మ ఒంటి మీదికి రాలేదు. అందుకే ఇప్పుడు ఆమె రోజూ వాకిట్లో వేసే మెలికల ముగ్గునే గళ్ళలో పెడుతున్నాడు. ఎర్ర అంచుతో నేసిస్తానని నేతగాడు బక్కయ్య ఒప్పుకున్నాడు. చిక్కల్లా ఆమెతోనే.

“తొక్కే ముగ్గును ఎవరన్న కట్టుకుంటరా? నన్ను జూసి నవ్వుతరు,” అంది మొదట్లోనే.

ఆమె సరే అనందే కాగితం మగ్గం దగ్గరికి పంపనని అంతయ్య మాటిచ్చాడు.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. కాగితాన్ని వీధి తలుపుకు ఎదురు గోడకు అంటించి ఆమెను పిలిచాడు. అండాలమ్మ ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది.

“ఇదేంది, మెట్లబావి లెక్క ఉంది!”

“గంత దగ్గర్నుంచి కాదే. గేటు కాడికి పో, గక్కడ నిలబడి చూడు.”

కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఇసుక కుప్ప దాటి, గేటు దగ్గర వెనక్కి తిరిగింది. మెట్లన్నీ కరిగిపోయాయి. గీత ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగింది. ఎడమ మూల మెలిక దగ్గర తన చెయ్యి ఎప్పుడూ కొంచెం ఎక్కువ తిరుగుతుంది. ఆ ఎక్కువ కూడా అక్కడుంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి వాకిలి చూస్తూనే ఉన్నాడన్నమాట.

“ఏమంటవ్?” లోపలి నుంచి అరిచాడు.

“పొద్దుగూకినంక చెప్త. ముందు తిను, సల్లారిపోతది.”

నవ్వు దాచుకుంది కానీ అతనికి కనబడనే కనబడింది. పప్పుచారు మారు అడిగి పోయించుకున్నాడు. చెయ్యి తలకింద పెట్టుకుని చాప మీద ఒరిగాడు.

పొద్దు వాలాక, చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని, అండాలమ్మ టీ తెచ్చింది. భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. అంతయ్య నిద్రలోనే పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు బక్కయ్య వచ్చాడు. గోడ వైపు చూసి చాలాసేపు నసిగాడు.

“వదినె, అంచు నీలంది పెట్టనా? ఎర్రదంటే మరి... నలుగురు ఏమంటరో.”

“ఆయన ఎర్రదన్నడు. ఎర్రదే నెయ్యి. నేను కట్టుకుంట.”

అతనికి చెప్పాల్సిన మాట బక్కయ్యకు చెప్పింది. చెప్పాక ఏడ్చింది.

బక్కయ్య కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, బస్సు కోసం ఎల్బీనగర్ చౌరస్తాకు నడిచాడు. గోడ మీద నాలుగు మూలలా, అంతయ్య బొటనవేలితో అదిమి అంటించిన అన్నం మెతుకులు ఎండి ఉన్నాయి.