నీలం దుప్పటి

"నీ ఆపరేషన్‌కేం తొందర? అరవై దాటాక నీకూ కార్డొస్తుందిగా" అన్నాడు మా ఆయన, వాళ్లమ్మ పక్క నేను సర్దుతుంటే. దుప్పటి రెండో కొసైనా పట్టుకుంటాడేమోనని చూశాను. ఫోను చూసుకుంటున్నాడు.

ఈ ప్రభుత్వాసుపత్రిలో నేను ఆయాగా చేరినప్పుడు అందరికీ అవే తెల్ల దుప్పట్లు. ముసలివాళ్లకి బీమా కార్డులిచ్చాక, వాళ్ల ఆపరేషన్లకి ఆసుపత్రికి డబ్బు రావడం మొదలైంది. ఆ డబ్బుతో కిటికీల వైపు కొత్త మంచాలు, నీలం దుప్పట్లు వచ్చాయి. కార్డు లేనివాళ్లకి తలుపు పక్క వరస, చిరుగుల తెల్లవి. ముసలివాళ్లని అనడానికి లేదు. ఎన్నాళ్లుగా కుంటుతున్నారో పాపం. కానీ ఆపరేషన్ గది పెరగలేదు, డాక్టర్లు పెరగలేదు. ఒక కార్డు ముందుకొస్తే ఒక తెల్ల దుప్పటి వెనక్కి జరుగుతుంది.

అలా జరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. నా గర్భసంచి కిందికి జారింది. బకెట్టు ఎత్తాలంటే ముందు కాళ్లు దగ్గరికి బిగించుకోవాలి. నాకు నలభై ఏడు. ఆయన లెక్కన ఇంకా పదమూడేళ్లు ఇలా బిగించుకుని తిరగాలి. ఆపరేషన్‌కి ఇచ్చిన రెండు తేదీలు వాయిదా పడ్డాయి. నాకిచ్చిన మూడో తేదీకి లోపలికెళ్లింది మా అత్తగారి మోకాలు.

"మీ అత్తగారే కదా ఆయమ్మా, పరాయివాళ్లా!" అని సిస్టరమ్మ నవ్వింది. "ఇద్దరూ పడుకుంటే అమ్మని చూసేదెవరు?" అన్నాడు మా ఆయన. డ్యూటీలో జీతానికీ, డ్యూటీ దిగాక ఊరికేనూ ఆ మంచం చుట్టూనే తిరిగాను. "ఇంట్లో ఎప్పుడైనా ఇంత ఒద్దికగా చేసిందా?" అని అత్తగారు పక్క మంచాలకి చెప్పింది.

ఇవాళ ఆవిణ్ణి ఇంటికి పంపేస్తున్నారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మంచం తుడిచి, ఉతికిన నీలం దుప్పటి పరిచాను. ముడత లేకుండా లాగాను. చెప్పులు విడిచి, దానిమీద పడుకున్నాను.

"ఏంటి ఆయమ్మా, కళ్లు తిరిగాయా? లే, రేపు ఆ మంచానికి కార్డు పేషెంటు వస్తోంది."

"ఆవిణ్ణి ఇంకో తేదీ తీసుకోమనండి సిస్టరమ్మా. నేను మూడు తీసుకున్నాను."

తలుపు దగ్గర్నుంచి మా ఆయన కేక వేశాడు.

"ఏంటా వేషాలు? అమ్మని బండెక్కించాలి, ఎవరు పట్టుకుంటారు?"

"మీకు రెండు చేతులున్నాయిగా" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నాను.