అబద్ధం పట్టుకున్న లాయరమ్మ

చిన్నప్పుడు ఎవరేం చెప్పినా "రుజువేది?" అని ఎదురు ప్రశ్న వేసేదని ఆ పిల్లకి లాయరమ్మ అని పేరు పెట్టింది బాబాయే. ఆ లాయరమ్మ పెరిగి పెద్దదై, నల్లకోటు జోలికి పోకుండా యూనివర్సిటీలో క్రిమినాలజీలో చేరింది. "దొంగల చదువు చదివితే ఏ ఉద్యోగమొస్తుందే?" అని పక్కింటి పిన్నిగారు మూతి తిప్పినప్పుడల్లా, జైలు నుంచి వచ్చినవాళ్లు మళ్లీ దారి తప్పకుండా చూసుకునే ప్రొబేషన్ ఆఫీసర్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేది. సొంత బాబాయే జైలుకెళ్లొచ్చాడన్న సంగతి మాత్రం క్లాసులో ఒక్కరికీ చెప్పలేదు. యజమాని గల్లాపెట్టె పగలగొట్టి పట్టుబడ్డాడాయన. లోపలున్నన్నాళ్లూ ఆమె చూడటానికి వెళ్లలేదు. బయటికొచ్చాక కూడా వెళ్లలేదు. అంత గొప్ప చదువు మరి!

ఆ చదువులో ఒక పద్ధతి ఉంది. చివరి ఏడాదిలో, శిక్ష ముగిసిన మనిషిని నిజంగానే క్లాసుకి పిలుస్తారు. ఎవరొస్తారో ముందు చెప్పరు. ఒక విద్యార్థి అధికారి కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగి, ఆ మనిషి మాటల్లో ఏది నమ్మొచ్చో ఏది నమ్మకూడదో అతని ముందే తేల్చి చెప్పాలి. బాగా చేసినవాళ్లని ప్రొఫెసర్ ప్రొబేషన్ ఆఫీసులో శిక్షణకి పంపిస్తారు. అందులో చేరితే ఉద్యోగం చేతికొచ్చినట్టే. ఈసారి కుర్చీ లాయరమ్మకి దక్కింది.

తలుపు తోసుకుని బాబాయి లోపలికొచ్చాడు.

చొక్కా చేతుల మీద ఇంకా రంపపు పొట్టు ఉంది. ఆయన కుర్చీలో ఉన్న ఆమెని చూసి, "నమస్కారమండి. వడ్రంగి షాపులో పని చేస్తున్నానండి" అన్నాడు, ఎన్నడూ చూడని మనిషితో అన్నట్టు. ఈయన మా బాబాయి అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట దాటేసింది. ప్రశ్నలు మాత్రం చక్కగా వచ్చాయి.

"మీకు ఇంట్లోవాళ్ల అండ ఉందా?"

"ఉందండి. మా అన్నయ్య కూతురుంది. వారం వారం వచ్చి చూసి పోతుంది. చాలా మంచి పిల్లండి."

ప్రొఫెసర్ ముందుకు వంగారు. "ఏమంటావమ్మా, నమ్మొచ్చా?"

నమ్మొచ్చంటే శిక్షణ పోతుంది. ఇలాంటివి ప్రొఫెసర్ ముందే వాకబు చేసి పెట్టుకుంటారని అందరికీ తెలుసు.

"అబద్ధమండి" అంది లాయరమ్మ. "ఈయన్ని చూడటానికి ఎవరూ రారు."

"ఎలా చెప్పగలవు?"

"వారం వారం వచ్చే మనిషైతే ఆ అమ్మాయి గురించి ఏదో ఒక ముచ్చటో, గొడవో చెప్పేవారు. మంచి పిల్ల అని మాత్రమే అన్నారు."

"భేష్!" అన్నారు ప్రొఫెసర్. వడ్రంగి షాపు యజమాని కూడా ఇదే చెప్పాడని, శిక్షణకి ఈ అమ్మాయినే పంపుతానని ప్రకటించారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. బాబాయి తల వంచుకుని, "పట్టేశారండి" అని నవ్వాడు. ఆ "అండి"కి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

క్లాసు అవ్వగానే గేటు దాకా పరిగెత్తింది. బాబాయి సైకిల్ తాళం తీస్తున్నాడు. పిలవబోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని ముందు అటూ ఇటూ చూసింది. సరిగ్గా అప్పుడే ఆయన తలెత్తాడు.

"బాబాయ్..."

"ఎవరూ లేరులే, లాయరమ్మా" అన్నాడాయన. "ఇంతకీ ఉద్యోగం వచ్చినట్టేనా?"