పెద్దక్క పాత వెర్షన్

నీటి సరఫరా ఫిర్యాదుల ఆఫీసులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అలా పిలిచినవాళ్ళలో కొందరు రిటైరయ్యారు, కొందరు బదిలీ మీద వెళ్ళారు. ఉన్నవాళ్ళందరికీ ఆమె పెద్దక్క. గోడకి వీపు ఆనించి కూర్చునే కుర్చీ ఆమెది. కంప్యూటర్ తెర గోడవైపుకు తిరిగి ఉంటుంది కాబట్టి అందులో ఏముందో దారిన పోయేవాళ్ళకు కనబడదు. ఆ కుర్చీని ఆమె ఏరికోరి తీసుకుంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కుళాయి రాలేదనీ, పైపు పగిలిందనీ, నీళ్ళు మురికిగా వస్తున్నాయనీ జనం రాసే ఫిర్యాదులు తెర మీద వచ్చి పడుతుంటాయి. ఒక్కొక్కటీ చదివి, ఏ వీధిదో చూసి, "పంపు" అన్న బటన్ నొక్కాలి. నొక్కగానే ఆ వీధి లైన్‌మన్ ఫోన్ మోగుతుంది. గుట్టవైపు వీధులన్నీ పెద్దక్క వంతు.

ఆ పేజీని తయారుచేసిన మహానుభావుడెవరో గానీ, అక్షరాలను చీమల బారులా పెట్టాడు. పెద్దక్కకి చూపు నడుమ మచ్చ పడింది. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఈ సంగతి ఇంట్లో చెల్లెలికి తెలుసు. ఆఫీసులో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్ళిపోయాడు.

అతన్ని అందరూ బట్టతల తమ్ముడు అనేవాళ్ళు. పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆమె తెరకి ముక్కు తగిలేట్టు వంగి చదవడం చూసి, "ఏంటక్కా, కంప్యూటర్‌కి ముద్దులిస్తున్నావు?" అన్నాడొకసారి. ఆమె నవ్వలేదు. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సెలవు రోజున ఇంట్లో కూర్చుని, బ్రౌజర్‌కి తగిలించుకునే యాడ్-ఆన్ ఒకటి తనే రాసి తెచ్చాడు.

"బ్రౌజర్ చొక్కా అనుకో అక్కా. ఇది నేను కుట్టిన జేబు" అన్నాడు.

జేబు బాగా కుదిరింది. నల్లటి తెర మీద పసుప్పచ్చని అక్షరాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత అయ్యాయి. చోటు చాలదని పేజీ పైనా కిందా ఉండే నోటీసు పట్టీలన్నిటినీ అది దాచేసేది. "పంపు" నొక్కితే ఆ ఫిర్యాదు మొత్తం ఆకుపచ్చగా మారేది. ఆమె చాలాసేపు కదలకుండా కూర్చుంటే తెర నడుమ ఒక మాట వచ్చి నిలబడేది: "అక్కా, లే. టీ."

అతను వెళ్ళిపోయాక కూడా ఆ మాట వస్తూనే ఉంది. పెద్దక్క లేస్తూనే ఉంది.

*

ఆఫీసు కంప్యూటర్లు చూసే అతనికి రీస్టార్ట్ బాబు అని పేరు. ఏ జబ్బు చెప్పినా అదే మందు రాస్తాడు. ఆ వారం అతను హాలు మధ్యలో నిలబడి చాటింపు వేశాడు.

"అందరూ వినండి. సోమవారం నుంచి ఫిర్యాదుల పేజీ మారుతోంది. ఈలోపు బ్రౌజర్‌ని అప్‌గ్రేడ్ చేసుకోండి. పాత వెర్షన్‌తో పనవ్వదు. తర్వాత నన్ను అనొద్దు."

అందరికంటే ముందు చేసుకున్నది ఫోన్ దగ్గర కూర్చునే ఆవిడ. ఆవిడ మామూలుగా మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. అందుకే లౌడ్‌స్పీకర్ అంటారు.

"ఓరి నాయనో, నా కొంప మునిగింది! నా యాడ్-ఆన్లన్నీ ఎగిరిపోయాయి!"

"ఏవేవి పోయాయండీ?" అన్నాడు రీస్టార్ట్ బాబు.

"పాటలు దించుకునేది పోయింది. చెప్పుల ధర తగ్గితే గంట కొట్టేది పోయింది."

"ఆఫీసు పనికి అవెందుకండీ?"

"ఆ గంట మోగితేనే కదయ్యా మధ్యాహ్నం నేను మెలకువగా ఉండేది!"

అందరూ నవ్వారు. పెద్దక్క లేచి వెళ్ళి లౌడ్‌స్పీకర్ వెనక నిలబడింది. చూడ్డానికి ఏమీ కనబడలేదు. తెల్లటి తెర మీద బూడిదరంగు దుమ్ము పోసినట్టుంది.

"ఏం రాసుందే అక్కడ?"

"ఈ యాడ్-ఆన్ కొత్త వెర్షన్‌తో కుదరదు, తీసేశాం అని. ఎంత మర్యాదో చూడు! మనింట్లో సామాను మనకి చెప్పకుండా బయటపడేసి, పడేశాం అని చీటీ పెట్టారు."

"మళ్ళీ పెట్టుకోవచ్చా బాబూ?" పెద్దక్క అడిగింది.

"తయారుచేసినవాళ్ళు కొత్త వెర్షన్‌కి తగ్గట్టు మళ్ళీ రాస్తే పెట్టుకోవచ్చు."

"రాయకపోతే?"

"ఇక దానికి నూకలు చెల్లినట్టే."

పెద్దక్క తన కుర్చీకి వచ్చింది. తెర మూలలో చిన్న గడి ఒకటి తెరుచుకుని ఉంది. కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందట. "ఇప్పుడే", "తర్వాత" అని రెండు బటన్లు. ఆమె "తర్వాత" నొక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు కూరగాయలు తరుగుతుంటే సంగతి చెప్పింది.

"పోతే పోయింది. కళ్ళు సరిగ్గా కనబడట్లేదని వాళ్ళకి చెప్పెయ్యి" అంది చెల్లెలు.

"చెప్తే సంచి చేతికిచ్చి ఇంటికి పంపుతారు."

"వస్తే రా. ఇల్లేమన్నా వద్దంటోందా?"

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? నీ ముఖం చూస్తూ కూర్చోనా?"

"అదీ కనబడదుగా నీకు" అంది చెల్లెలు, కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే. "మనుషుల కళ్ళకి కూడా అప్‌గ్రేడ్ ఉంటే గొడవ ఉండేది కాదు."

"ఉంటే మొదట నీకు చేయించేదాన్ని. నోటికి."

తర్వాత పెద్దక్క బట్టతల తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఇప్పుడు మారుతాళాలు చేసే దుకాణం పెట్టుకున్నాడు. వెనకాల ఇనుము అరగదీస్తున్న చప్పుడు.

"అక్కా! ఎన్నాళ్ళకి! ఏ యాడ్-ఆన్ అక్కా?"

ఆమె చెప్పింది.

"ఆఁ, ఆఁ... పసుపు అక్షరాలది. ఇంకా వాడుతున్నావా దాన్ని? బ్రౌజర్ వాళ్ళు పునాదులతో సహా మార్చేశారక్కా. నేను పెట్టిన కిటికీని ఇప్పుడు ఏ గోడకి పెట్టాలో నాకే తెలీదు. సరేలే, ఆదివారం చూస్తా."

"చూడు నాయనా."

"ఒక్క నిమిషం అక్కా, గిరాకీ వచ్చింది" అన్నాడు. ఆ నిమిషం అలాగే ఉండిపోయింది.

ఆదివారం గడిచింది. ఏమీ రాలేదు. సోమవారం పొద్దున రీస్టార్ట్ బాబు కుర్చీ కుర్చీకీ తిరిగాడు.

"పెద్దక్కా, మీదయిందా?"

"అయింది నాయనా."

అతను గోడవైపుకు రాలేదు. పెద్దక్క మాట మీద అనుమానపడే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

*

ఆమె భయపడ్డట్టు ఏమీ జరగలేదు. పేజీ తెరుచుకుంది. గుమ్మడికాయలు గుమ్మడికాయల్లాగే ఉన్నాయి. "పంపు" నొక్కితే ఆకుపచ్చ అయింది. వీళ్ళ బెదిరింపులన్నీ ఇంతే అనుకుంది.

మర్నాటికి ఫిర్యాదులు మళ్ళీ అవే వీధుల నుంచి రావడం మొదలైంది. మళ్ళీ పంపింది. మళ్ళీ ఆకుపచ్చ. ఆ తర్వాతి రోజు లౌడ్‌స్పీకర్ హాలు ఆ చివర నుంచి కేక వేసింది.

"పెద్దక్కా! గుట్ట మీది లాండ్రీ ఆయన మళ్ళీ తగులుకున్నాడు! నర్సింగ్ హోమ్ దుప్పట్లు గుట్టలా పడున్నాయట, చుక్క నీళ్ళు లేవట! పంపావా, లేదా?"

"పంపానే. ఆకుపచ్చ కూడా అయింది."

"ఆకుపచ్చా? నాకేం అవదే. టిక్కు పడుతుంది, అంతే!"

పెద్దక్క ఆ మాట విన్నది. విని పక్కన పెట్టింది.

కాసేపటికి గుట్టవైపు లైన్‌మన్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోన్.

"మేడమ్, నన్ను ఆ వీధుల్లోకి పంపకండి. తన్నేట్టున్నారు. ఎందుకు రాలేదంటారు. నాకు ఒక్క ఫిర్యాదన్నా వస్తేగా!"

సూపర్వైజర్ మేడమ్ గదిలోంచి బయటికొచ్చింది. వయసులో పెద్దక్క కంటే చాలా చిన్నది. కోపం వస్తే గొంతు తగ్గిస్తుంది.

"ఫోన్ చూపించు."

రీస్టార్ట్ బాబు ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "రీస్టార్ట్ చేశావా?"

"దాన్నే కాదు సార్, బండిని కూడా చేశాను."

"ఫోన్ బాగానే ఉంది మేడమ్."

"పెద్దక్కా, మీరు పంపారా?"

"పంపాను మేడమ్."

మేడమ్ లైన్‌మన్ వైపు తిరిగింది. "ఈవిడ పంపలేదంటే నేను నమ్మను. వచ్చినవి చూసి నువ్వే చెరిపేసి ఉంటావు. సాయంత్రం మెమో తీసుకుని వెళ్ళు."

"అమ్మా! నా పిల్లల మీదొట్టు, రాలేదు! పెద్దక్కా, మీరన్నా చెప్పండి!"

పెద్దక్క తెర వైపు చూసింది. తెర నిండా ఆకుపచ్చ. చివరిదాకా ఆకుపచ్చ. మిగతావాళ్ళకి టిక్కు పడుతుందట. ఈ రంగు వేసేది పేజీ కాదు, యాడ్-ఆన్. బట్టతల తమ్ముడు వేయించాడు దీన్ని. అవతల చేరిందో లేదో చూడకుండా, నొక్కిన వేలిని నమ్మి వేస్తోంది.

ఆమె తెర మూలనున్న యాడ్-ఆన్ గుర్తు మీద నొక్కి దాన్ని ఆపేసింది. గుమ్మడికాయలు పోయాయి, తెల్లటి దుమ్ము వచ్చింది. ఇన్నాళ్ళూ దాగి ఉన్న పట్టీ ఒకటి అట్టడుగున తేలింది. ఎర్రగా ఉందన్నంతవరకే తెలిసింది. ఆమె ముక్కు తెరకి ఆనించి, పక్కచూపుతో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. మీ. బ్రౌజర్. పాతది.

హాల్లో లైన్‌మన్ ఇంకా ఒట్లు వేస్తున్నాడు. ఊరుకుంటే మెమో అతను తీసుకుపోతాడు. ఆమె కుర్చీ ఆమెకి ఉంటుంది. కొత్త వెర్షన్ గడిలో "ఇప్పుడే" నొక్కితే పట్టీ కూడా మాయమవుతుంది. ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మేడమ్, ఒకసారి ఇటు రండి."

ఆ కుర్చీ వెనక్కి, గోడకీ ఆమెకీ మధ్యకి, ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు. మేడమ్ ఒదిగి నిలబడింది. లౌడ్‌స్పీకర్ కూడా ఫోన్ వదిలేసి వచ్చి తల దూర్చింది. మేడమ్ పట్టీని పైకే చదివింది.

"మీ బ్రౌజర్ పాతది. మీరు పంపినవి చేరలేదు." ఆగి అంది, "ఇంత ఎర్రగా ఉంటే కనబడలేదా పెద్దక్కా?"

"కనబడలేదు మేడమ్. నాకు ఈ పేజీలో ఏదీ కనబడదు. చాలా కాలంగా."

లౌడ్‌స్పీకర్ గొంతు మొట్టమొదటిసారి తగ్గింది. "మరెట్లా చదువుతున్నావే?"

పెద్దక్క యాడ్-ఆన్‌ని మళ్ళీ పెట్టి చూపించింది. పసుప్పచ్చని అక్షరాలు తెర నిండా లేచాయి. పొద్దుట్నుంచీ ఆమె లేవలేదేమో, వెంటనే ఆ మాట కూడా వచ్చి నిలబడింది: "అక్కా, లే. టీ." దాన్ని ముగ్గురూ చదివారు.

మేడమ్ పని పంచేసింది. గుట్టవైపు ఫిర్యాదులన్నీ లౌడ్‌స్పీకర్ తన కంప్యూటర్ నుంచి పంపింది. లైన్‌మన్ చేతిలో ఫోన్ ఆగకుండా మోగడం మొదలైంది. "అబ్బ, చాలు, చాలు" అంటూ అతను పరుగెత్తాడు. రీస్టార్ట్ బాబు పెద్దక్క మౌస్ కోసం చెయ్యి చాచాడు.

"నేను నొక్కుతాలే" అంది ఆమె.

"ఇప్పుడే" నొక్కింది. గీత ఒకటి నెమ్మదిగా నిండింది. బ్రౌజర్ మూసుకుని తెరుచుకుంది. మూలన ఉండే గుర్తు లేదు. రీస్టార్ట్ బాబు అక్షరాలు పెద్దవి చేసే మీటలు రెండు చూపించాడు. అక్షరాలు పెరిగాయి. వాటితోపాటు పేజీ కూడా ఉబ్బి, "పంపు" బటన్ తెర దాటి ఎటో పోయింది.

"అది కుడిపక్కన ఉంటుంది. లాక్కుంటూ వెళ్ళాలి" అన్నాడు అతను.

"ఎంత దూరం?"

అతను మౌస్‌తో కుడిపక్కకి లాగి లాగి చూశాడు. రీస్టార్ట్ చేయమని మాత్రం అనలేదు.

*

డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెమ్మంది మేడమ్. పైఆఫీసుకు రాయాలట. తప్పు జరిగిందన్న సంగతి కూడా రాస్తానంది. వాళ్ళు ఏమంటారో ఆమెకీ తెలియదు. అప్పటిదాకా పెద్దక్క ఫోన్ దగ్గర కూర్చోవాలి, లౌడ్‌స్పీకర్ గోడ దగ్గర.

"ఇంకా పంపించలేదా ఇంటికి?" అంది చెల్లెలు.

"లేదు."

"వాళ్ళ ఓపిక గొప్పది" అని, పళ్ళెంలో ఏది ఎటు ఉందో రోజూ చెప్పినట్టే చెప్పింది.

బట్టతల తమ్ముడు తర్వాత ఎప్పుడో ఫోన్ చేశాడు. ఆ ఆదివారం కుదరలేదన్నాడు, ఇప్పుడు చూడమంటావా అన్నాడు. అది పోయింది నాయనా అని ఆమె చెప్పింది. అయ్యో అన్నాడు. అందులో ఏమేం రాశాడో తనకి అసలు గుర్తు లేదన్నాడు. టీ మాట చెబుదామనుకుంది గానీ, అవతల మిషన్ చప్పుడు మొదలైంది.

పైఆఫీసు నుంచి ఇంకా జవాబు రాలేదు. ఫోన్ బల్ల హాలు నడుమ ఉంటుంది. అందరికీ కనబడుతుంది. పెద్దక్క లావుపాటి స్కెచ్ పెన్నుతో, ఒక్కో కాగితానికి ఒక్కో వీధి రాసి లౌడ్‌స్పీకర్‌కి అందిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె గుట్ట మీది లాండ్రీ ఆయనతో మాట్లాడుతోంది.

"నీళ్ళొచ్చాయమ్మా, రాలేదనను. కానీ బురద. దుప్పట్లు తెల్లగా ఇమ్మంటారు గానీ గోధుమరంగులో ఇస్తే ఊరుకుంటారా?"

"రాసుకుంటున్నాను. ఎప్పట్నుంచి?"

గోడ దగ్గర నుంచి కేక వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి.

"అక్కా! లే! టీ!"

రీస్టార్ట్ బాబు చేతిలోంచి వైరు జారిపడింది. పెద్దక్క రిసీవర్ చెవి నుంచి దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఏమనుకోకండి. ఎప్పట్నుంచి వస్తోంది బురద?"

"ఎవరో పిలుస్తున్నట్టున్నారు" అన్నాడు లాండ్రీ ఆయన. "పోయి తాగి రామ్మా. ఈలోపు నా నీళ్ళు తేరుకుంటాయి."