నిమ్మరసానికి అడ్డుపడ్డ మెనూ

జనగామ బస్టాండు పక్కన మా రిలే నిరాహార దీక్షల టెంటుకు ఒకటే రివాజు. పొద్దున పదికి కూర్చున్నవాళ్లను సాయంత్రం ఐదుకు మైకులో పేరు పెట్టి పిలవాలి. పేరు వచ్చిన మనిషి పిడికిలెత్తి ‘జై తెలంగాణ’ అనాలి. అప్పుడే నిమ్మరసం. పేరు పిలవకముందు గ్లాసు ముట్టుకుంటే ఆ దీక్ష లెక్కలోకి రాదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎంత పెద్ద నాయకుడైనా ఈ రివాజుకు తలవంచాల్సిందే.

నూట పదిహేను రోజులు ఆ పేర్లు నేనే రిజిస్టరులో రాశాను. అట్టలూడిన లావుపాటి పుస్తకం. నూట పదహారో రోజు మా కన్వీనర్ అరవింద్ లాప్‌టాప్ పట్టుకొచ్చాడు.

“ఢిల్లీతోని కొట్లాడేటోళ్లకు గీ చిత్తుబుక్కు ఏందన్నా? ఇగ అన్నీ నోట్స్ సాఫ్ట్‌వేర్ల రాస్తం,” అన్నాడు.

చూపించాడు కూడా. అందులో ఒక నోట్‌బుక్. దాని లోపల సెక్షన్లు, సెక్షన్ల లోపల పేజీలు, పేజీల కింద మళ్లీ పిల్లపేజీలు. అచ్చం మా జేఏసీ. జిల్లా కన్వీనరు, పట్టణ కన్వీనరు, మండల కో-కన్వీనరు, అందరి కింద ఎండలో కూర్చునే మనిషి. తేదీకో పేజీ చాలు కదా అంటే వినలేదు. ఏ సంఘానికి సెక్షన్ లేకపోయినా ఆ సంఘం అలుగుతుందట. ఇరవై మూడు సెక్షన్లు పెట్టాడు. తెర ఎత్తుగా లేదని నా రిజిస్టరును లాప్‌టాప్ కింద పీటగా పెట్టాడు.

ఆ రోజు కూర్చున్నది దేవరుప్పుల వైపు నుంచి వచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు. కూలికి పోయే కనకమ్మ అందరికంటే పెద్దది. అరవై దాటింది, షుగరు ఉంది. వద్దని చెప్పినా కూర్చుంది. ఆమె పక్కన తండా నుంచి వచ్చిన సోమ్లీ. అరవింద్ పదకొండు పేర్లూ టైపు చేశాడు. ఇంతలో విలేకరులు ఫోటోకు వచ్చారు. నినాదాల పేజీ తెర నిండా కనబడాలని ఏదో మీట నొక్కాడు. సెక్షన్లు, పేజీల వరుసలు అన్నీ మాయమయ్యాయి. నినాదం ఒక్కటే మిగిలింది. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఐదయింది. టీ కొట్టు గఫార్ పదకొండు గ్లాసుల పళ్లెంతో నిలబడ్డాడు. అరవింద్ మైకు అందుకుని, “ఇప్పుడు దీక్షాపరుల పేర్లు...” అని ఆగిపోయాడు. తెర మీద పేర్లు లేవు.

పైన మెనూలు ఒక్కొక్కటే లాగాడు. ‘ఇన్సర్ట్’ నొక్కితే నినాదం నడుమ ఖాళీ గడులు వచ్చి పడ్డాయి. ‘ట్యాగ్’ నొక్కితే నినాదం పక్కన చుక్క పొడిచింది. అక్షరదోషాలు చూసేదేదో నొక్కితే ‘తెలంగాణ’ కింద ఎర్రగీత పడింది.

“అరెరె! గీ డబ్బ గూడ మనల్ని ఒప్పుకుంటలేదు గదా అన్నా!” అన్నాడు గఫార్.

“నువ్వు జర సప్పుడు జెయ్యకు. ఇది కుట్ర. సీమాంధ్రోళ్లు సాఫ్ట్‌వేర్ల జొచ్చిండ్రు!”

కుట్ర అన్నాక నినాదాలు ఇవ్వకుండా ఎలా? పది నిమిషాలు ఇచ్చాం. నోరెండిన ఆ పదకొండు మందితో కూడా ఇప్పించాడు.

ఐదున్నర. కనకమ్మ చేతులు వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట.

“అవ్వా, తాగే. నీ పానం ముఖ్యం,” అన్నాను.

“పిల్వకుంట తాగితే మా వాడోళ్లకు ఏం జెప్పాలె? పొద్దంత బస్టాండ్ల ఊకెనే కూసోని వచ్చిన్నని చెప్పాల్నా?”

“అరవిందన్నా, లిస్టు లేకున్న ఏంది, పేర్లు అడిగి పిలువు!” అన్నాను.

“రికార్డు లేకుంట ఎట్ల పిలుస్తమన్నా? సిస్టం ఉండాలె గదా!” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

కనకమ్మ సోమ్లీ భుజం మీదికి ఒరిగింది. సోమ్లీ ఆమెను బస్టాండు గోడకు ఆనించి లేచి, అరవింద్ చేతిలోని మైకు గుంజుకుంది.

“పొద్దటి సంది పక్కపక్కన కూసున్నం. మా పేర్లు మాకు ఎర్కలేవా? కనకమ్మవ్వా!”

కనకమ్మ పిడికిలి సగమే లేచింది. “జై తెలంగాణ!” గొంతు మాత్రం పూర్తిగా లేచింది. గఫార్ గ్లాసు ఆమె నోటికి పట్టాడు.

నేను రిజిస్టరును లాప్‌టాప్ కింది నుంచి లాగాను. లాప్‌టాప్ దొర్లింది. పడకుండా అరవింద్ రెండు చేతులతో మీటల మీద పట్టుకున్నాడు. ఏ మీట నలిగిందో, వరుసలన్నీ తిరిగొచ్చాయి. అతను తెరలో మునిగాడు. ఇక్కడ సోమ్లీ పిలుస్తోంది, నేను రాస్తున్నాను, వాళ్లు తాగుతున్నారు. ఆఖరికి సోమ్లీ పేరు కనకమ్మే పిలిచింది. అవ్వ చేతుల వణుకు తగ్గింది.

అక్కడ అరవింద్ కనకమ్మను వెతుకుతున్నాడు. మహిళా విభాగంలో లేదు. కూలీల సంఘంలో లేదు. రైతు సంఘంలో లేదు. ఇరవై మూడో సెక్షన్‌లో దొరికింది. ఆ సెక్షన్ పేరు ‘ఇతరులు’.

“కుట్ర భగ్నమైంది!” అని మైకు అందుకున్నాడు. “దేవరుప్పుల కనకమ్మ!”

జంపఖానా ఖాళీగా ఉంది. బస్టాండు నుంచి అప్పుడే రోడ్డెక్కుతున్న దేవరుప్పుల బస్సు కిటికీలోంచి ఒక పిడికిలి బయటికొచ్చింది. ఈసారి పూర్తిగా.

“మేం తాగినం పో బిడ్డా! ఆ డబ్బకింత తాపు!”