చెలిమెల పటం

రేగొండకు ఆవల ఉన్న ఒక పల్లె బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది రాజమణి. రోజూ పొద్దున్నే వాగుకు పోయి, ఇసుకలో తవ్వుకున్న చెలిమె నుంచి గిన్నెతో నీళ్లు తోడి బిందె నింపుకొస్తుంది. ఆ యేడు వానలు సరిగా లేక వాగు పారలేదు. అయినా చెలిమె ఎండలేదు.

ఎందుకు ఎండలేదో చూపించాలని నాలుగో తరగతి పిల్లలను వాగుకు తీసుకుపోయింది నజియా టీచర్. ప్రతి చెలిమె పక్కన ఇనుప చువ్వను గట్టి నేల తగిలేదాకా దింపించి, ఇసుక ఎన్ని మూరల లోతుందో కొలిపించింది.

"ఇసుక ఎక్కువున్న కాడ నీళ్లు ఎక్కువ దినాలుంటయి. వాగుకు ఇసుకే కుండ. కుండ పలగ్గొట్టుకుంటమా?"

"పలగ్గొట్టుకోం మేడం!" అని అరిచారు పిల్లలు.

ఏడు చెలిమెలతో పటం గీశారు. రాజమణి చెలిమె దగ్గర 'నాలుగు మూరలు' అని ఆమె మనవరాలు సుమ రాసింది. అన్నిటికన్నా లోతైనది అదే.

బడి కమిటీ చైర్మన్ జగన్మోహన్ ఆ పటం చూసి మురిసిపోయాడు. ఊళ్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ శిబిరం నడిపేదీ ఆయనే.

"మేడం, గిది శిబిరంల పెడ్త. మన నీళ్ల ముచ్చట మన పిల్లలే చెప్పిన్రని అందరు చూడాలె."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నజియా రెండో ఆలోచన లేకుండా పటం చుట్టి ఇచ్చింది.

తర్వాతి నెలలోనే సకల జనుల సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. నజియా కూడా రోజూ శిబిరంలో కూర్చుంది. "మన నీళ్లు మనకే!" అని జగన్మోహన్ గొంతు చించుకుంటే అందరితో పాటు తానూ పిడికిలెత్తింది. నాలుగు రోజులకే పటం గుడారం నుంచి మాయమైంది. గాలికి చిరిగిందేమో అనుకుందే గాని అడగలేదు.

సమ్మె ముగిసి బడి తెరిచిన రోజు, ఇన్నాళ్లకు వాగుకు పోయిన రాజమణి ఖాళీ బిందెతో వచ్చింది.

"చెలిమెల నీళ్లు లెవ్వు బిడ్డా. నువ్వే వచ్చి చూడు."

నజియా, ఆమె వెంట పిల్లలు పరుగున పోయారు. ఏడు చెలిమెలున్న చోట ఏడు గుంతలు. అడుగున నెర్రెలిచ్చిన బంకమట్టి. ఒడ్డున ట్రాక్టర్ ఆగి ఉంది. డ్రైవర్ చేతిలో మడతలు పడిన కాగితం. దాని మీద సుమ అక్షరాలు, వాటి చుట్టూ ఎర్ర గీత.

"జగన్మోహనన్న ఇచ్చిండు మేడం," అన్నాడతను ఏ దాపరికం లేకుండా. "యాడ ఇసుక లోతున్నదో మస్తు మంచిగ రాసిన్రు. మాకు ఎతుకులాటే తప్పింది."

ఆ మెప్పు నజియాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ కాగితాన్ని లాక్కుని, సమ్మె ముగిసినా ఇంకా నడుస్తున్న శిబిరానికి నేరుగా నడిచింది.

జగన్మోహన్ తడబడలేదు. "జర నిమ్మలం మేడం. రాష్ట్రం రానీ, అన్ని చూసుకుందం. ఇప్పుడు లొల్లి చేస్తే ఉద్యమానికే బద్నాం."

"ఉద్యమాన్ని అడ్డం పెట్టకున్రి సార్. పిల్లలు నీళ్లు కాపాడెతందుకు గీసిన పటమిది. మీరు ఇసుక తవ్వుకోను వాడుకున్నరు."

ఆయన మైకు అందుకుని అటు తిరిగాడు.

మరునాడు నజియా తరగతిలోకి వచ్చింది. సుమ లేచింది. "మేడం, మేం పటం గీయకుంటే అవ్వ చెలిమె ఉండేదా?"

నజియా మడతలు పడిన పటాన్ని బల్ల మీద పరిచింది. "తప్పు పటానిది కాదు, మీది కాదు బిడ్డా. తర్వాత ఏం చేస్తడో అడగకుండ ఇచ్చిన నాది," అన్నది.

"అయితే ఇగ గీయమా?"

"గీస్తం. ఈసారి కాగితం మీద కాదు, రోడ్డు దిక్కు బడి గోడ మీద. నిన్న ఎన్ని మూరలుండె, ఇయ్యాల ఎన్ని మిగిలె, తవ్వినోళ్లెవరు, అన్ని రాస్తం."

"గోడనైతే ఎవ్వలు మడిచి పట్టుకపోరు," అన్నది సుమ. ఆ రోజు తరగతిలో వినిపించిన మొదటి నవ్వు అదే.

సాయంత్రానికి పిల్లలు రాసిన గోడ ముందు ఊరు గుమిగూడింది. రాజమణి తన ఖాళీ బిందెను ఆ గోడకు ఆనించి పెట్టింది. జనం వైపు తిరిగి నజియా చెప్పిన మాట మనందరికీ వర్తిస్తుంది: "నీళ్లను కాపాడుకునుడు పిల్లలకు నేర్పినం, వాళ్లు నేర్చుకున్నరు. వాళ్ల పాఠాన్ని ఎవరి చేతుల పెడుతున్నమో చూసుకునుడు పెద్దలమే ఇంకా నేర్చుకోలే."